బెర్గెన్‌లో దుప్పటికీ అద్దె కట్టాం

నార్వే పడమటి తీరంలోని బెర్గెన్ చూసి తీరాల్సిన ఊరే. కాకపోతే గది తీసుకునే ముందు దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలిశాయో లేదో గట్టిగా అడగండి. ఓస్లో నుంచి ఏడు గంటల రైలు ప్రయాణం హాయిగా గడిచింది. ఆ తర్వాతే మొదలైంది అసలు గొడవ. రాత్రికి 1,490 క్రోనర్లకు (నార్వే డబ్బు) మాట్లాడుకున్న వసతికి వానలో పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కి చేరితే, మంచాల మీద ఉత్త పరుపులు. గోడకు అంటించిన కాగితంలో ఉంది అసలు సంగతి: పక్కబట్టలకు మనిషికి 150, ఖాళీ చేసేటప్పుడు శుభ్రం చేయడానికి 600. ముగ్గురి పక్కబట్టలకే 450, అంటే మన లెక్కలో సుమారు 3,800 రూపాయలు! ఫోను చేస్తే యజమాని మర్యాదకు ఏ లోటూ చేయలేదు, ఒక్క క్రోనర్ కూడా తగ్గించలేదు. నార్వేలో హాస్టళ్లలో, చెక్క కుటీరాల్లో ఇది మామూలేనట. మామూలైతే డబ్బు కట్టించుకునేటప్పుడే చెప్పవచ్చు కదా? "సత్రంలో చాపైనా ఊరికే ఇస్తారు" అని మా అత్తగారు నిద్రపట్టేదాకా సణుగుతూనే ఉన్నారు.

ఆమె కోపం మర్నాడు బ్రిగ్గెన్‌లో చల్లారింది. రేవు ఒడ్డున వరుసగా నిలిచిన ఈ చెక్క ఇళ్లు ఒకప్పుడు హన్సా అనే జర్మన్ వర్తక కూటమి వారి స్థావరం. ఉత్తరాది నుంచి వచ్చే ఎండు కాడ్ చేపలు కొని, ధాన్యం అమ్మేవారు. 1702లో అంతా తగలబడితే పాత పద్ధతిలోనే మళ్లీ కట్టారు. 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. చాలామంది ముందు నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు లోపలి సందుల్లోకి వెళ్లండి, టికెట్ లేదు. కాళ్ల కింద తడి పలకలు కిర్రుమంటాయి, ఒరిగిన గోడలు భుజాలకు తగులుతాయి. ఇక్కడే 1955 అగ్నిప్రమాదం తర్వాత తవ్వకాల్లో, రూన్ అనే పాత ఉత్తర ఐరోపా లిపి చెక్కిన కర్రముక్కలు వందల సంఖ్యలో దొరికాయి. వాటిలో ఒకదాని మీద "నిన్ను ఇంటికి పొమ్మని గ్యూదా అంటోంది" అని ఉంది. అది విని మా అత్తగారు కొడుకు వైపు చూసి నవ్విన నవ్వు చూడాలి.

చేపల మార్కెట్‌ను చూడండి, తినకండి. మా వారు అక్కడ ఒక పళ్లెం సాల్మన్‌కు 349 పెట్టారు. సూపర్‌మార్కెట్‌లో రొట్టె, గోధుమరంగు జున్ను (చీజ్) కొనుక్కుంటే ముగ్గురికీ అందులో సగం కాలేదు. ఆ జున్ను ఉప్పు వేసిన పాలకోవాలా ఉంటుంది. శాకాహారి అయిన మా అత్తగారు ఊరు వదిలేదాకా దాంతోనే గడిపారు.

ఫ్లోయెన్ కొండకు 1918 నుంచి నడుస్తున్న కేబుల్ రైలు ఉంది. సుమారు 320 మీటర్ల ఎత్తు. పైకి మాత్రమే టికెట్ కొనండి, దిగడానికి చక్కటి అడవి దారి ఉంది. గొడుగు మీద ఆశ పెట్టుకోవద్దు, గాలికి నిలవదు. ఏడాదిలో రెండు వందల రోజులకు పైగా వాన పడే ఊరు కాబట్టి రెయిన్‌కోటు తప్పదు. విమానాశ్రయానికి ప్రత్యేక బస్సు కన్నా ట్రామ్ చాలా చవక. ముప్పావు గంట పడుతుంది, అంతే.