పెట్టె మీద 2000, బర్రె మీద 430

ముప్పై నాలుగేళ్లు నీటిపారుదల శాఖలో సర్వే పని చేసి రిటైరైనవాణ్ణి. గొలుసుతో మొదలుపెట్టి, వెలుగుతో దూరం కొలిచే టోటల్ స్టేషన్ దాకా వచ్చాను. తుపాకీ మాత్రం జన్మలో పట్టలేదు. అయినా ఈ రివ్యూ నా మెడకు చుట్టుకుంది. డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు మే నెలలో పెళ్లికని వచ్చి, రెండు లేజర్ రేంజ్‌ఫైండర్లు (గురిపెట్టి మీట నొక్కితే దూరం చెప్పేవి) తీసి హబ్సిగూడలో మా డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. "మామయ్యా, నెలలోపు ఒకటి వాపసు ఇచ్చేయాలి. ఏది ఉంచుకోవాలో మీరే తేల్చండి" అన్నాడు. ఒకటి సుమారు 200 డాలర్లది, ఒకటి 600 డాలర్లది. కంపెనీల పేర్లు రాయను. చిన్నది, పెద్దది అంటాను.

వాడు టెక్సస్‌లో దూరపు రైఫిల్ షూటింగ్ చేస్తాడు. గుట్టల మీద ఇనుప పలకలు పెట్టి, దూరం చెప్పకుండా కొట్టమనే పోటీలకు వెళ్తాడు. మన గచ్చిబౌలి వైపు రేంజ్‌లో ఆ గొడవ లేదు. 10, 25, 50 మీటర్లని ముందే గీత గీసి ఉంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం కొట్టింది కూడా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. వేటంటారా, 1972 వన్యప్రాణి చట్టంతో ఆ ముచ్చటా తీరిపోయింది. కాబట్టి ఇక్కడ ఈ పరికరం అవసరం ఎవరికుందో నాకు తెలియదు గానీ, అక్కడ వాళ్లకి ఎందుకు కావాలో వాడు కాగితం మీద లెక్కవేసి చూపించాడు. పాయింట్ 308 రైఫిల్‌తో 300 గజాల దగ్గర దూరం 10 గజాలు తప్పు అనుకుంటే గుండు ఒక అంగుళం పైకో కిందికో పోతుంది. 1000 గజాల దగ్గర అదే 10 గజాల తప్పుకి ఆరేడు అంగుళాలు పోతుంది. అంత దూరం వెళ్లేసరికి గుండు వేగం చచ్చి, ఏటవాలుగా రాలుతూ వస్తుంది మరి.

లోపల జరిగే పని నాకు కొత్త కాదు. వెలుగు ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. పోయి, తగిలి, తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టడమే. మా టోటల్ స్టేషన్‌కైతే అవతల చైన్‌మ్యాన్ ప్రిజమ్ పట్టుకుని నిలబడేవాడు, వెలుగు బుద్ధిగా తిరిగొచ్చేది. వీటికి ప్రిజమ్ ఉండదు. అవతల ఉన్నది ఎంత వెలుగు వెనక్కి విసిరితే అంత. అసలు తంటా అంతా ఇక్కడే.

ఘట్‌కేసర్ దాటాక మా బావమరిదికి ఎనిమిదెకరాలుంది. కంది కోసేశారు, మోళ్లు తప్ప ఏమీ లేవు. పొద్దున ఆరింటికల్లా పాత 30 మీటర్ల స్టీలు టేపు పట్టుకుని వెళ్లాం. పది టేపులు వేసి, 300 మీటర్ల దగ్గర తెల్ల అట్ట పాతాం. పెద్దదానితో నొక్కాను. 328. ఇంకోసారి నొక్కాను. 328. "ఇదిగో, ఆరొందల డాలర్లూ కాలవలో పోశావు" అన్నాను. వాడు నవ్వి, "గజాల్లో ఉంది మామయ్యా" అన్నాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు! 300 మీటర్లంటే సరిగ్గా 328 గజాలు. కొనగానే ముందు యూనిట్లు చూసుకోండి.

తెల్ల అట్ట మీద చిన్నది కూడా తప్పు చెప్పలేదు. 327, 328, 328. అక్కడితో ఆగి ఉంటే నేనూ చిన్నదే చాలనేవాణ్ణి.

చిన్నదాని పెట్టె మీద 2000 గజాలని పెద్ద అక్షరాలతో ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో రెండు అంకెలు. 2000 అన్నది అద్దంలా మెరిసే వస్తువు మీద. చెట్టు మీదైతే అందులో సగం, జింక మీదైతే ఇంకా తక్కువ. మనకి జింకలెక్కడివి, బర్రెలున్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి చెరువు కట్ట పక్కన బురదలోంచి లేచొచ్చిన బర్రె, నల్లటి తడి తోలు, నెత్తిన మే నెల ఎండ. లేజర్‌కి అంతకంటే కష్టమైన పరీక్ష నాకు తోచలేదు. (రెండూ కళ్లకి హాని చేయని క్లాస్ 1 లేజర్లే. అయినా తలవైపు పెట్టకుండా పొట్ట మీదే కొట్టాం.) చిన్నది 430 గజాల దాకా చెప్పి, ఆ తర్వాత గీతలు చూపించింది. పెద్దది 900 దాటినా చెప్పింది. అదే చోట పొద్దున ఆరింటికి చిన్నది కూడా 600 దాకా లాగింది. పట్టపగలు ఎండ వెలుగు కూడా దాని కంట్లో పడుతుంది కదా, మన లేజర్ వెలుగేదో, ఎండ ఏదో దానికి తేల్చుకోవడం కష్టం. కాబట్టి పెట్టె మీది అంకె సంగతి వదిలేసి, జింక అంకె ఎంతో చూడండి. దాన్ని కూడా ఎండలో సగానికి లెక్కేసుకోండి.

గీతలు చూపించినందుకు నాకు చిన్నదాని మీద కోపం రాలేదు. తెలియనిది తెలియదని చెప్పింది. కోపం వచ్చింది తుమ్మ చెట్ల దగ్గర. చెట్ల సందులోంచి అవతలి పంపుషెడ్డు గోడ కనిపిస్తోంది. ఒకే చోట నిలబడి, స్టాండు మీద పెట్టి, పదిసార్లు నొక్కాం. పెద్దది 611, 612 మధ్యే తిరిగింది. చిన్నది 612 అంది, 548 అంది, మళ్లీ 612, తర్వాత 571. 548 దగ్గర ఏముందో నడిచి వెళ్లి చూశాం. తుమ్మ కొమ్మ. ఈ తప్పుడు అంకెని కూడా అది అంతే ధీమాగా చూపిస్తుంది. ఒక్కసారే నొక్కినవాడు 548 నమ్మి గుండు పేలుస్తాడు.

దీనికి కారణం రెండు రకాలు. ఒకటి సెట్టింగు. ముందు తగిలినదాన్ని చెప్పాలా, వెనక తగిలినదాన్ని చెప్పాలా అని పెద్దదానిలో మార్చుకోవచ్చు. చిన్నదానిలో ఆ వీలు లేదు, ఎప్పుడూ ముందుదే. గోల్ఫ్ ఆడేవాళ్లకి అదే కావాలి, జెండా కర్ర ముందుంటుంది, చెట్లు వెనకుంటాయి. రైఫిల్‌వాడికి గడ్డీ పొదలూ ముందుంటాయి, పలక వెనకుంటుంది. మన ఊళ్లో ఏమైనా దొరుకుతుందేమోనని బంజారాహిల్స్‌లో ఒక షాపుకి వెళ్తే, ఆ కుర్రాడు గోల్ఫ్ పరికరం చేతిలో పెట్టి "సేమ్ టెక్నాలజీ సార్" అన్నాడు. ముందూ వెనకా సెట్టింగు ఉందా అని అడిగితే వారంటీ గురించి చెప్పాడు.

రెండోది కిరణం వెడల్పు. ఒక మిల్లీరేడియన్ అంటే కిలోమీటరు దూరంలో ఒక మీటరు. పెద్దదాని కాగితంలో 1.3 × 0.5 మిల్లీరేడియన్లు అని రాశారు. అంటే కిలోమీటరు దగ్గర దాని వెలుగు పడే జాగా మీటరుంబావు పైన వెడల్పు, అర మీటరు ఎత్తు. వీళ్లు కొట్టే పలక అర మీటరు కూడా ఉండదు. మిగిలిన వెలుగంతా పక్కనున్న రాళ్ల మీదా గడ్డి మీదా పడుతుంది. చిన్నదాని కాగితంలో ఈ అంకే లేదు. రాయలేదంటే బాగోలేదనే నా అనుమానం.

ఇక కంటి గురి, కిరణం ఒకచోటే పడుతున్నాయా అన్నది. దీన్ని ఎవరైనా చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. వెనక ఆకాశం తప్ప ఏమీ లేని కరెంటు స్తంభం ఒకటి వెతకండి. పరికరాన్ని స్టాండుకి బిగించి, ఎడమ నుంచి వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ నొక్కుతూ పొండి. ఆకాశం మీద రీడింగు రాదు. స్తంభం తగలగానే వస్తుంది. పెద్దదానికి అద్దంలో కనిపించే గురి నడిమి చుక్క స్తంభాన్ని తాకినప్పుడు వచ్చింది. చిన్నదానికి స్తంభం ఇంకా గురి గుండ్రం బయట కుడిపక్కన ఉండగానే వచ్చేసింది, చుక్క స్తంభం మీదికి వచ్చేసరికి పోయింది. చూపు ఒకచోట, చెయ్యి ఒకచోట! లెవెల్ పరికరంలో ఇలాంటి తేడా ఉంటే మేం స్టోరుకి తిప్పి పంపేవాళ్లం.

ఏటవాలు లెక్క కోసం ఆదివారం భువనగిరి కోట ఎక్కాం. మోకాళ్ల సంగతి మా ఆవిడ తర్వాత గుర్తుచేసింది. పైనుంచి కింద ఒక గోడకి 400 మీటర్లు, 20 డిగ్రీల వాలు. తుపాకీ లెక్కకి కావాల్సింది వాలు తీసేసి మట్టంగా కొలిచే అడ్డ దూరం, అంటే 400ని 0.94తో గుణిస్తే 376. పెద్దది 376 చూపింది, చిన్నది 375. ఈ విషయంలో రెంటికీ వంక లేదు.

చిన్నదానిలో అంకెలు నల్లగా ఉంటాయి. సాయంత్రం ఆరున్నరకి మర్రిచెట్టు మీద పెడితే నలుపులో నలుపు, ఏమీ కనబడలేదు. పెద్దదానిలో ఎర్ర అంకెలు, వెలుగు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం మాత్రం పూర్తిగా పెంచినా కళ్లు చికిలించాల్సిందే. రెండూ సీఆర్2 బ్యాటరీతోనే పనిచేస్తాయి. కోఠి గుజరాతీ గల్లీలో మూడో షాపులో దొరికింది.

వాడు పెద్దది ఉంచుకున్నాడు. నేను చెప్పకపోయినా అదే ఉంచుకునేవాడనుకోండి. జూన్‌లో ఫోన్ చేశాడు. 860 గజాల పలక, దూరం సరిగ్గానే చెప్పిందట, అయినా మొదటి రెండు గుళ్లూ కుడిపక్కకి పోయాయట, గాలికి. గాలి కొలిచేదానికి వేరే పరికరం ఉంటుందట. సంక్రాంతికి తెస్తానన్నాడు. టేపుకి ఆముదం రాసి పెట్టాను గానీ, గాలిని దేంతో సరిచూడాలో ఇంకా తోచలేదు.