నిష్ఠ 3.0 కోర్సులు ప్రైమరీ టీచర్లకు పనికొస్తాయా?

డీఎస్సీలో కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది అడుగుతున్నారు, దీక్ష యాప్‌లో ఉన్న నిష్ఠ 3.0 అనే టీచర్ల ఆన్‌లైన్ శిక్షణ కోర్సులు చేయడం దండగా అని. దండగ కాదు. కోర్సులు బాగున్నాయి, మన చేత చేయించే పద్ధతే బాగాలేదు.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు బాగా రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కోసం 2021లో తెచ్చినవి ఇవి, మొత్తం 12. తెలుగులో కూడా ఉన్నాయి. వీడియోలు, కొంత చదవాల్సింది, చివర్లో క్విజ్, అందులో 70 శాతం వస్తే సర్టిఫికెట్. చిక్కంతా ఈ సర్టిఫికెట్ దగ్గరే. గ్రూపులో లింకు పడుతుంది, వెనకాలే పూర్తి చేయనివాళ్ల లిస్టు పడుతుంది, దాంతో టెన్షన్ పడి వీడియోని దాని మానాన దాన్ని వదిలేసి చివరికి క్విజ్ జవాబులు ఎవరినో అడిగి కొట్టేస్తాం. ఇద్దరే టీచర్లున్న బడిలో ఇంకేం చేస్తారు? జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది, మంచిదే, కానీ ఆ గంటలు మన పని వేళల్లోనే దొరకాలి.

నాకు బాగా ఉపయోగపడింది లెక్కల కోర్సు. అయితే అది ఒంటబట్టింది చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లోనే. 43లోంచి 17 తీసేయమంటే చాలామంది పిల్లలు 34 అని రాస్తారు, ఏడులోంచి మూడు తీసేస్తారన్నమాట. ఒక మేడం చీపురుపుల్లల కట్టలు నాలుగు, విడిగా మూడు పుల్లలు బల్ల మీద పెట్టి, "సార్, ముందు ఏడు పుల్లలివ్వండి" అన్నారు. ఉన్నవి మూడే, పది పుల్లల కట్ట ఒకటి విప్పక తప్పదు! విప్పి ఇచ్చాక, ఇంకో కట్ట కూడా తీసేస్తే మిగిలింది రెండు కట్టలు, ఆరు పుల్లలు. అక్కడినుంచి పుల్లలు పక్కనపెట్టి నోటుబుక్కులోకి ఎప్పుడు రావాలి అని పెద్ద చర్చే నడిచింది. అలాంటి మాటలు వీడియోతో ఆడలేం.

కొత్తవాళ్లు లెక్కల కోర్సుతో మొదలుపెట్టండి. మీ క్లాసులో గోండి, కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలుంటే బహుభాషా బోధన కోర్సు ఆ తర్వాత చేయండి. ఒకేసారి అన్నిట్లో చేరిపోవద్దు. కాంప్లెక్స్ మీటింగ్‌కి వెళ్లేటప్పుడు మాత్రం తప్పులున్న పిల్లల నోటుబుక్కులు రెండు మూడు పట్టుకెళ్లండి, సర్టిఫికెట్ ప్రింటు కంటే అవే అక్కడ పనికొస్తాయి.