ఈప్ర్ దాకా వెళ్లినవాళ్లు నవ్‌షాపెల్ కూడా చూడాలి

ఈప్ర్ అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో నాలుగేళ్లు పోరు సాగిన బెల్జియం ఊరు, నవ్‌షాపెల్ అంటే ఆ యుద్ధంలో పోయిన మన సైనికుల స్మారకం ఉన్న ఫ్రాన్స్ ఊరు. బ్రస్సెల్స్ నుంచి ఈప్ర్‌కి రైల్లో సుమారు రెండు గంటలు పడుతుంది. మధ్యలో కోర్ట్‌రైక్‌లో రైలు మారాల్సి రావచ్చు. స్టేషన్ బోర్డుల మీద ఊరి పేరు ఇపర్ అని ఉంటుంది, కంగారు పడకండి. మనవాళ్లు చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోతుంటారు. వీలైతే రెండు రాత్రులు ఉండేలా రండి.

ముందుగా క్లాత్ హాల్‌లో (ఒకప్పటి బట్టల వ్యాపార భవనం) ఉన్న ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్ మ్యూజియం చూడండి. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య, సరిగ్గా నెలకి సెర్బియా మీద ఆస్ట్రియా యుద్ధ ప్రకటన, ఆగస్టు 4న బెల్జియంలోకి జర్మన్ సైన్యం, ఆ రోజే బ్రిటన్ రంగంలోకి. బళ్లో బట్టీ పట్టిన ఈ వరసంతా సైనికుల వస్తువుల మధ్య నిలబడి చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. చలికాలం వచ్చేసరికి ఉత్తర సముద్రం నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా సైన్యాలు కందకాలు తవ్వుకుని ఎదురుబొదురుగా కూర్చున్నాయి. మ్యూజియానికి సగం రోజు పెట్టుకోండి. ఓపికుంటే 231 మెట్లెక్కి గంట స్తంభం పైకి వెళ్లండి. చుట్టూ బల్లపరుపు నేల. గుట్ట అని కూడా అనలేని ఆ కాస్త మిట్టల కోసం నాలుగేళ్లలో లక్షల మంది ప్రాణాలు పోయాయి. మీరు నిలబడిన భవనం కూడా ఆ ఫిరంగులకు నేలమట్టమైనదే, తిరిగి కట్టడం 1967 దాకా సాగింది.

ఇక కందకాలు. జొన్నబెక్‌లోని పాషెండేల్ మ్యూజియంలో కొత్తగా కట్టి చూపించినవి ఉన్నాయి. పిల్లలతో వెళ్తే అదే మేలు, భూమిలోపలి డగౌట్‌లో సైనికులు ఎలా పడుకునేవాళ్లో తేలిగ్గా అర్థమవుతుంది. నాకు మాత్రం బూజింగె దగ్గరి యార్క్‌షైర్ ట్రెంచ్ ఎక్కువ చెప్పింది. చుట్టూ ఫ్యాక్టరీలు, లారీలు, మధ్యలో ఈ కందకం. టికెట్ లేదు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరిగి గోడకి ఆనుకోవాలి, అంత ఇరుకు. నాలుగడుగులు వేస్తే మలుపు, మళ్లీ నాలుగడుగులకి మలుపు. ఒకచోట గుండు పేలితే ముక్కలు కందకం పొడవునా దూసుకుపోకుండా, శత్రువు లోపలికి దూకినా అందరినీ ఒకేసారి కాల్చకుండా అలా తవ్వారు. డగౌట్‌లోకి దిగే దారిలో నీళ్లు నిలిచి కనిపించాయి. ఇక్కడి బంకమట్టి నీటిని ఇంకనివ్వదు, రెండు మూడడుగులు తవ్వితే చాలు ఊట వస్తుంది. అందుకే అడుగున చెక్క పలకలు పరిచేవారు, లోతు చాలనిచోట ఇసుక బస్తాలతో గోడ లేపేవారు.

ఆ నీళ్లలో రోజుల తరబడి బూట్లు విప్పకుండా నిలబడితే కాళ్లు ఉబ్బి, నల్లబడి, కుళ్లిపోయేవి. దానికి విరుగుడుగా తిమింగలం నూనె పూసుకోమనేవారు. తెల్లవారకముందే అందరూ తుపాకులతో సిద్ధంగా నిలబడాలి. పగలు తల పైకెత్తితే స్నైపర్ గుండు. పనంతా రాత్రిపూటే: ముళ్లకంచె బాగుచేయడం, వెనక నుంచి నీళ్లు, రేషన్ మోసుకురావడం. పేలు చొక్కా కుట్లలో దాక్కుంటే కొవ్వొత్తి మంటతో కాల్చేవారు. ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు.

బస విషయానికొస్తే, పోపరింగె ఊళ్లోని టాల్బాట్ హౌస్‌లో గది దొరికితే వదలొద్దు. 1915 డిసెంబరులో సైనికుల విశ్రాంతి కోసం తెరిచిన ఇల్లు అది, హోదాతో పనిలేకుండా సిపాయి, ఆఫీసరు ఒకేచోట కూర్చునేవారు. ఇప్పటికీ రాత్రి బస ఇస్తారు. మేము మొదటి రాత్రి ఈప్ర్‌లో ఓ చిన్న హోటల్లో ఉన్నాం. హీటర్ పనిచేయలేదు, చెప్దామంటే రిసెప్షన్‌లో మనిషి లేడు. భోజనంలో శాకాహారులకు ఫ్రైస్, చీజ్ క్రోకెట్లు, సూపు దాటి పెద్దగా ఏమీ దొరకలేదు. తమ్ముడు బ్రస్సెల్స్ నుంచి తెచ్చిన పులిహోరే ఆదుకుంది.

ఈప్ర్‌లోని మెనిన్ గేట్ అనే స్మారక ద్వారం దగ్గర 1920ల చివరి నుంచి రోజూ రాత్రి 8 గంటలకు, పోయిన సైనికుల జ్ఞాపకార్థం లాస్ట్ పోస్ట్ బాకా ఊదుతున్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న రోజులు తప్ప. అరగంట ముందే వెళ్లండి, చప్పట్లు కొట్టకండి. సమాధి కూడా దొరకని 54,000 మందికి పైగా పేర్లు ఆ గోడల మీద ఉన్నాయి. వాళ్లలో 400 మందికి పైగా భారతీయులు. 1915 ఏప్రిల్ 22న జర్మన్లు క్లోరిన్ గ్యాస్ వదిలిన నాలుగు రోజులకే ఎదురుదాడికి పంపింది మన లాహోర్ డివిజన్‌ని.

మేము ఎక్కిన మినీబస్ టూర్ గైడ్ రోజంతా తిప్పి భారతీయుల ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. నాకు చాలా బాధేసింది. అందుకే మర్నాడు కారులో సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని నవ్‌షాపెల్ వెళ్లాం. 1915 మార్చి 10న అక్కడ జరిగిన దాడిలో మన మీరట్ డివిజన్ ముందు వరసలో ఉంది. 1927లో కట్టిన ఆ స్మారకం గుండ్రటి గోడ, మధ్యలో పొడవాటి స్తంభం, దాని పాదాల దగ్గర రెండు పులులు. గోడ మీద రెజిమెంట్ల వారీగా 4,700కి పైగా పేర్లు. 1914 సెప్టెంబరు చివరి నుంచి పలచటి నూలు బట్టలతో మార్సెయ్ రేవులో దిగి, ఆ చలికాలంలోనే కందకాల్లోకి వెళ్లినవాళ్లు వీళ్లు.

"అన్నయ్యా, డెక్కన్ హార్స్ ఇక్కడుంది చూడు" అన్నాడు తమ్ముడు. హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన దళం అది, సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్‌లో భాగంగా ఫ్రాన్స్ వచ్చింది. దక్కనీ ముస్లింలు, జాట్లు, సిక్కులు అందులో ఉండేవారు. కందకాల యుద్ధంలో గుర్రాలకు పని లేక రౌతులే దిగి బురదలో కాపలా కాశారు. 1916 జులై 14న ఫ్రాన్స్‌లోనే సోమ్ యుద్ధంలో, హై వుడ్ అనే అడవి దగ్గర మాత్రం బల్లేలతో గుర్రాల మీద దూకారు. మా సికింద్రాబాద్ పేరున్న బ్రిగేడ్ గురించి ఇన్నేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు. ఆ పేర్లు ఒక్కొక్కటీ బయటికే చదివాం.

నవ్‌షాపెల్‌కి ఈప్ర్ నుంచి కారులో గంటలోపే. బస్సుల్ని నమ్ముకుంటే కుదరదు. తిండి, నీళ్లు వెంట పెట్టుకోండి. కారు బెల్జియంలో అద్దెకు తీసుకుంటే దాంతో ఫ్రాన్స్‌లోకి వెళ్లొచ్చో లేదో, ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో ముందే అడిగి రాయించుకోండి.