నర్సులకు తోడుంటే వార్డు ఎలా ఉంటుందో చూశాను
తుంటి ఎముక విరిగి మా నాన్నమ్మ 11 రోజులు ఈ ఆసుపత్రిలో ఉంది. నాకు బాగా నచ్చింది, నర్సులకు తోడుగా పెట్టిన సహాయకులు. కదల్లేని మనిషిని ఒకేవైపు పడుకోబెడితే మడమల దగ్గర, నడుము కింద పుండ్లు పడతాయి కదా, అందుకే రెండు గంటలకోసారి ఇద్దరు కలిసి పక్కకు తిప్పేవారు, చర్మం ఎక్కడైనా ఎర్రబడితే వెంటనే నర్సుకు చెప్పేవారు. కళ్లద్దాలు, వినికిడి మిషన్ పెట్టి, ఇవాళ ఏ వారమో చెబుతూ మాట్లాడించేవారు. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లకు వచ్చే అయోమయానికి ఇది నిజంగా పనికొస్తుంది. పొలమారకుండా నిటారుగా కూర్చోబెట్టి తినిపించేవారు.

లోటల్లా రాత్రిపూటే. సహాయకులు ఉండరు, ఒక్క నర్సే అన్ని మంచాలూ చూసుకోవాలి, బెల్ కొడితే పాపం పరుగెత్తుకొచ్చేది, ఆమెను తప్పుపట్టలేను. మేనేజ్‌మెంట్ వాళ్లూ, రాత్రికి కనీసం ఇద్దరు సహాయకులను పెట్టండి.