వాల్ప్రోయేట్ క్రోనో మాత్ర: పన్నెండేళ్ళు వాడాక నేను చెప్పేది

మా షాపులో పని నేర్చుకుంటున్న అమ్మాయి టిఫిన్ సంచిలో పోయిన వారం ఒక స్ట్రిప్పు కనిపించింది. దూరం నుంచే గుర్తుపట్టాను. అది ఫిట్స్‌కి నేను వేసుకునే మాత్రే. ఆ పిల్లకి 19 ఏళ్ళు. ఇది రాయడానికి కారణం అదే.

నాకు ఇంటర్ రెండో సంవత్సరంలో మొదలైంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఒక్కసారిగా ఎగిరిపడేది, కాఫీ అంతా గోడ మీద. పరధ్యానం అని అమ్మ తిట్టేది. పరీక్షల కోసం రాత్రంతా మేలుకున్న మర్నాడు బస్టాండులో ఫిట్స్ వచ్చి పడిపోయాను. ఎవరో చేతిలో తాళాల గుత్తి పెట్టారట, ఇంకెవరో ఉల్లిపాయ వాసన చూపించారట. ఆ రెండింటికీ ఫిట్స్ ఆగవు, నాకు వాటంతటవే ఆగాయి. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీసి మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే కండరాలు ఒక్కసారిగా ఎగిరిపడే రకం మూర్ఛ అన్నారు, సోడియం వాల్ప్రోయేట్ రాశారు. ఇప్పుడు నాకు 33. రాజమండ్రిలో మగ్గం వర్క్ షాపు నడుపుతున్నాను. మధ్యలో నాలుగేళ్ళు మానేసి మళ్ళీ దీనికే వచ్చాను.

పని చేస్తుందా అంటే, బాగా చేస్తుంది. నెల తిరిగేసరికి చేతులు ఎగరడం ఆగిపోయింది. కాకపోతే నిద్ర మానేస్తే ఏ మాత్రా కాపాడదు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఎంత పెద్ద ఆర్డరున్నా పదింటికి ఫ్రేము మీద గుడ్డ కప్పేస్తాను.

కొనేటప్పుడు స్ట్రిప్పు మీద అక్షరాలన్నీ చదవండి. నా క్రోనో 500 మీద 333 ఎంజీ సోడియం వాల్ప్రోయేట్, 145 ఎంజీ వాల్ప్రోయిక్ యాసిడ్ అని ఉంటుంది. కూడితే 500 రాదేమిటని భయపడక్కర్లేదు, రెండూ కలిసి 500 ఎంజీ సోడియం వాల్ప్రోయేట్‌తో సమానం. క్రోనో అంటే మందు కడుపులో మెల్లగా విడుదలవుతుంది. ఒకసారి మందుల షాపు కుర్రాడు మామూలు రకం ఇచ్చి, "ఎంజీ అదేగా అక్కా, తేడా ఏం లేదు" అన్నాడు. రెండు రోజులు వికారం, మత్తు. మూడో రోజు డాక్టర్‌కి ఫోన్ చేస్తే, మామూలు రకంలో మందు త్వరగా విడుదలవుతుందని తెలిసింది. క్రోనోని నమలకూడదు, పొడి చేయకూడదు. తేమ తగిలితే పాడవుతుంది, అందుకే వారానికి సరిపడా మాత్రలు విప్పి డబ్బాలో పోసుకోవడం మానేశాను. రేకుతో సహా కత్తిరించి పెట్టుకుంటాను.

ఇక ఇబ్బందులు. మొదటి రెండేళ్ళలో 48 కిలోల నుంచి 57కి వచ్చాను. ఆకలి ఆగదు. జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వచ్చేది, తర్వాత మళ్ళీ మొలిచింది కానీ కొంచెం ఉంగరాలు తిరిగింది. వీటన్నిటికంటే నన్ను ఏడిపించింది చేతి వణుకు. ఆరీ సూదితో జర్దోసీ కుడుతుంటే దారం కొక్కేనికి చిక్కేది కాదు. రోజుకి 1000 ఎంజీ వేసుకునే రోజుల్లో తొడల మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు కూడా వచ్చాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కణాలు తగ్గాయని తేలింది. డాక్టర్ డోసు తగ్గించాక మచ్చలు పోయాయి, వణుకూ చాలావరకు తగ్గింది. అరుదుగా లివర్, క్లోమం దెబ్బతింటాయి. లివర్ ప్రమాదం రెండేళ్ళలోపు పిల్లల్లో ఎక్కువ, మొదటి ఆరు నెలల్లో ఎక్కువ. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, కళ్ళు పచ్చబడటం, లేపినా లేవనంత మత్తు, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మా పెద్దమ్మ కొడుకు అన్నయ్యకి మేనియా, అంటే మనసు అదుపు లేకుండా ఉరకలేసే జబ్బు. రాత్రుళ్ళు నిద్రలేకుండా లెక్కలు వేస్తూ, అప్పులు చేసి సరుకు తెచ్చేవాడు. ఆయనకీ ఇదే మందు, డోసు వేరు. కిందటేడు ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరితే వదిన ముందే ఈ మాత్ర స్ట్రిప్పు చూపించింది. మెరోపెనెమ్ లాంటి యాంటీబయాటిక్ ఇస్తే రక్తంలో వాల్ప్రోయేట్ బాగా పడిపోతుందట, అందుకని డాక్టర్ వేరేది ఇచ్చారు. ఏ ఆసుపత్రికి వెళ్ళినా స్ట్రిప్పు తీసుకెళ్ళండి.

అసలు సంగతి ఆడపిల్లలది. పెళ్ళికి ముందు ఏడేళ్ళు వాడాను, ఆ ఏడేళ్ళూ నాకు రాసిచ్చిన డాక్టర్ గర్భం మాటే ఎత్తలేదు. సంబంధాలు చూసేటప్పుడు ఫిట్స్ సంగతి బయటపడకూడదని అమ్మ టెన్షన్ అమ్మది. హిందూ వివాహ చట్టంలోంచి మూర్ఛ అన్న మాట 1999లోనే తీసేశారు, మన ఇళ్ళలోంచి ఇంకా పోలేదు. నేను మాత్రం మా ఆయనకి ముందే చెప్పాను. ఆయనే నన్ను విశాఖలో ఇంకో న్యూరాలజిస్టుకి చూపించారు. గర్భంలో ఈ మాత్ర వాడితే పుట్టే పిల్లల్లో నూటికి దాదాపు పదిమందికి అవయవ లోపాలు, ముప్పై నలభై మందికి ఎదుగుదల, చదువు, మాట విషయాల్లో ఇబ్బందులు వస్తాయని ఆ న్యూరాలజిస్టు చెప్పారు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి 55 ఏళ్ళలోపు ఆడా మగా ఎవరికైనా దీన్ని కొత్తగా మొదలుపెట్టాలంటే, వేరే మందు కుదరదని ఇద్దరు స్పెషలిస్టులు ఒప్పుకోవాలని రూలు పెట్టారు. ఇక్కడ ఆ ఏడేళ్ళూ నాకు ఒక్కరూ చెప్పలేదు.

ఆ డాక్టర్ నెలల తరబడి దీన్ని మెల్లగా తగ్గిస్తూ లెవెటిరాసెటమ్ అనే వేరే ఫిట్స్ మందుకి మార్చారు, ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. మార్పులో ఒకసారి ఫిట్స్ వచ్చింది. కానీ ఇద్దరు పిల్లలూ ఆరోగ్యంగా పుట్టారు. కొత్త మాత్రతో నాకు ఊరికే కోపం వచ్చేది, పిల్లల మీద అరిచేదాన్ని. కాపర్-టీ వేయించుకున్నాక డాక్టర్‌తో మాట్లాడే మళ్ళీ దీనికి వచ్చాను. నా మాట విని ఎవరూ మాత్ర ఒక్కసారిగా ఆపేయకండి. గర్భం వచ్చిందని తెలిసినా ఆపకండి, ఆ రోజే డాక్టర్‌ని కలవండి. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

మా షాపు పిల్లని అడిగాను, నీకెవరైనా చెప్పారా అని. చెప్పలేదంది. వాళ్ళమ్మతో మాట్లాడాను. నాకు వేరే మాత్ర సరిపోతుందా, లివర్, ప్లేట్‌లెట్ల పరీక్ష ఎప్పుడు, పెళ్ళికి ఎన్నాళ్ళ ముందు మార్చాలి అని డాక్టర్‌ని అడగమని ఒక చీటీ మీద రాసిచ్చాను. శనివారం ఆ పిల్లకి అపాయింట్‌మెంట్. షాపు మధ్యాహ్నం దాకా మూసి నేనూ తోడు వెళ్తున్నాను.