బందరు రోడ్డు బాపు మ్యూజియం: ఒక పూట మొత్తం దీనికే పెట్టుకోండి

శని, ఆదివారాల్లో విజయవాడ వచ్చేవాళ్ళు దుర్గ గుడికి వెళ్ళి, ప్రకాశం బ్యారేజీ మీద ఫొటోలు దిగి, భవానీ ద్వీపం చుట్టి సాయంత్రానికి ఏదో ఒక మాల్‌లో తేలతారు. బందరు రోడ్డు మీద గాంధీ గారి పేరున ఉన్న బాపు మ్యూజియం (బొమ్మల బాపు కాదు) చాలామంది లిస్టులోనే ఉండదు. మేం మొన్న శనివారం గుంటూరు నుంచి దీనికోసమే వెళ్ళాం, నేనూ మా మేనత్తా మా పాపా. నేను చెప్పేది ఒకటే: లోపల ఉన్న విగ్రహాల దగ్గరికి పరిగెత్తకుండా ముందు ఆ పాత భవనాన్ని తీరిగ్గా చూడండి, ఎందుకంటే అక్కడ అన్నిటికంటే పెద్ద వస్తువు అదే.

ఇంతకుముందు ఒక ట్రావెల్స్ వాళ్ళ సిటీ టూర్‌లో వచ్చినప్పుడు పావుగంట టైమిచ్చి, లోపలికి వెళ్ళామో లేదో హారన్ కొట్టడం మొదలుపెట్టారు. అలా వచ్చేకన్నా రాకపోవడం మేలు. బుద్ధుడు కనిపించాడు, కత్తులు కనిపించాయి, అయిపోయింది అన్నట్టుంటుంది.

భవనం సంగతి చెబుతా. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్ళయిందని 1887 జూన్ 20, 21 తేదీల్లో లండన్‌లో ఉత్సవాలు చేశారు. వారం తిరక్కుండానే, జూన్ 27న, బెజవాడలో దీనికి పునాదిరాయి వేశారు. వేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ రాబర్ట్ సీవెల్. అందుకే దీనికి మొదట్లో విక్టోరియా జూబ్లీ మ్యూజియం అని పేరు ఉండేది, ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ విక్టోరియా మ్యూజియం అనే అంటారు. మన పద్ధతీ యూరప్ పద్ధతీ కలిపి కట్టిన భవనం. మందపాటి గోడలు, ఎత్తయిన పైకప్పు. ఆ కాలంలో ఫ్యాన్ లేకుండా మన ఎండల్ని తట్టుకోవడానికి అలా కట్టేవాళ్ళు, వేడి పైకి పోతుంది, గోడలు తొందరగా కాగవు. బందరు రోడ్డు హారన్ల మధ్య నుంచి లోపలికి అడుగుపెట్టాక ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. దయచేసి ఒక్క ఐదు నిమిషాలు ఫోన్ జేబులో పెట్టి పైకప్పు వైపు చూడండి.

సీవెల్ పేరు విన్నాక గుంటూరువాడిగా నాకు మనసు కొంచెం కలుక్కుమంది. 1877లో అమరావతి బౌద్ధ స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించింది ఈయనే. ఆయన కంటే ముందు 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వించిన శిల్పాల పలకలు మద్రాసు మీదుగా లండన్ చేరి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఇంకా చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా అమరావతి కూడా కృష్ణా జిల్లాలోదే, అంటే అటు అమరావతీ ఇటు ఈ భవనమూ ఒకే కలెక్టర్ కింద ఉండేవి. మన ఊరి పక్క శిల్పం చూడటానికి మనం వీసా తీసుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధే. అందుకే ఇక్కడ మిగిలిన ప్రతి రాయీ నాకు రెట్టింపు విలువగా కనిపించింది.

ఇక 1921. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది, గాంధీ గారు వచ్చారు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చెయ్యాలనీ, కోటి మందిని సభ్యులుగా చేర్చాలనీ, ఇరవై లక్షల రాట్నాలు తిరగాలనీ తీర్మానించింది ఇక్కడే. వచ్చిన జనాన్ని అదుపు చేసింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వాలంటీర్ల దళం రామదండు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో జెండా నమూనా గాంధీ గారి చేతిలో పెట్టిందీ అప్పుడే, తెలుపు తర్వాత చేరింది. అదంతా జరిగింది ఈ భవనం దగ్గరే అంటారు, ఆ బంధం వల్లే మరమ్మతులు చేసి 2020 అక్టోబరులో మళ్ళీ తెరిచినప్పుడు గాంధీ గారి మీద బాపు పేరు పెట్టారు. ఇదంతా పాపకి చెబుతుంటే మా అత్త ఆగి, "ఏరా, రాణి గారి పేరున కట్టిన చోటికి ఆ రాణి రాజ్యాన్ని పంపించేసే జెండా వచ్చిందన్నమాట" అంది. ముప్ఫై నాలుగేళ్ళలో జరిగిన మార్పు అది. స్కూలు పుస్తకంలో రెండు లైన్లలో చదివిన సంగతి ఆ గోడల మధ్య నిలబడి వింటే వేరే.

విగ్రహాల్లో తప్పకుండా చూడాల్సింది అల్లూరు బుద్ధుడు. పాత కృష్ణా జిల్లా అల్లూరులో దొరికిన నిలువెత్తు విగ్రహం, క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల నాటిది. ఆంధ్ర శైలి బుద్ధుడి గుర్తు చీవరం, అంటే భిక్షువులు కప్పుకునే వస్త్రం: కుడి భుజం ఖాళీగా ఉంటుంది, ఎడమ వైపు బట్ట మడతలు గీతల్లా జారుతూ వచ్చి కింద అంచు దగ్గర లావుగా తిరుగుతాయి. శ్రీలంకలో, ఆగ్నేయాసియాలో దొరికిన పాత బుద్ధ విగ్రహాల మీద కూడా ఇదే మడత కనిపిస్తుంది, మన కృష్ణా తీరం నుంచి ఓడల మీద వెళ్ళిన శైలి అది. మా అత్త చెప్పులు విప్పబోయి, "గుడి కాదుగా నానమ్మా" అని పాప అంటే కూడా వినకుండా దణ్ణం పెట్టుకుంది. నాకు అది తప్పనిపించలేదు. నాణేలు, ఆయుధాల గదులు పిల్లలకు బాగా నచ్చుతాయి, నేను మాత్రం వాటిని త్వరగానే దాటేశాను. పక్కన కొత్త భవనం కూడా ఉంది, దానికీ ఓపిక మిగుల్చుకోండి.

ఒక్క విషయంలో మాత్రం కోపమొచ్చింది, అదీ తోటి సందర్శకుల మీద. ఒక కుర్రాళ్ళ గుంపు శిల్పానికి భుజం ఆనించి ఫొటోలు దిగుతోంది. "బాబూ, చేతి జిడ్డు రాతిలోకి దిగితే పోదయ్యా, కొంచెం దూరంగా నిలబడండి" అంటే మర్యాదగానే జరిగారు. తెలియక చేస్తారు. మీ పిల్లలకు గేటు దగ్గరే చెప్పి తీసుకెళ్ళండి.

పాతకాలం దొరగారి బంగళాలా మంచాలు, భోజనాల బల్లలు, పియానో ఉంటాయనుకుని వెళ్ళేవాళ్ళకు ఇది ఆ రకం కాదు. పురావస్తు శాఖ మ్యూజియం ఇది. గుంటూరు నుంచి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున్నే బస్సెక్కి, గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని వెళితే సరిపోతుంది. ఆటో ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి, మా దగ్గర ఒకతను రెట్టింపు అడిగాడు. ఈ రెండు రోజుల్లో అమరావతి మ్యూజియం కూడా కలుపుకుంటే కథ పూర్తిగా అర్థమవుతుంది. దానికి శుక్రవారం సెలవు, కాబట్టి శనివారం ఇది, ఆదివారం అది పెట్టుకోండి.