ఐదేళ్ల ఇన్సూరెన్సు కాగితంలో రెండో తేదీ

నా 125 సీసీ బండి కొన్నది 2022 ఆగస్టులో. షోరూములో చెప్పిన మాట ఒక్కటే: "ఐదేళ్లకు ఇన్సూరెన్సు అయిపోయినట్టే సార్." ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఐదేళ్లు ఉండేది థర్డ్ పార్టీ ఒక్కటే, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి. మన బండికి జరిగే నష్టానికి, అంటే ఓన్ డ్యామేజ్‌కు, నాకిచ్చిన పాలసీలో ఉన్నది ఒక్క ఏడాదే. కాగితం మీద రెండు తేదీలూ ఉంటాయి. చూపించేవారు ఉండరు.

నాకు ఆ రెండో తేదీ కనిపించడం అదృష్టం. ఏటా ఓన్ డ్యామేజ్ విడిగా కడుతూ వచ్చాను. 2024 ఆగస్టు చివరి వారంలో జీరో డిప్రిసియేషన్, అంటే మార్చిన భాగాల ధరలో తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్, కూడా కలిపి 1,180 రూపాయలు కట్టాను. వారం తిరక్కుండానే విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. మాది అజిత్‌సింగ్ నగర్, కింది వాటా. సెప్టెంబరు 1 పొద్దునకే సీటు మునిగింది. ఆరో రోజుకు గాని నీళ్లు తీయలేదు.

బురద కడిగాక చెయ్యి సెల్ఫ్ బటన్ మీదికే వెళ్లింది. మా వీధి మెకానిక్ కేకేశాడు: "నొక్కకండి సార్! లోపల నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది." డ్రెయిన్ బోల్టు విప్పితే ముందు మట్టినీళ్లు వచ్చాయి, తర్వాత పాలు ఎక్కువైన కాఫీలా ఆయిలు. తర్వాత నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వచ్చిన సర్వేయర్ అడిగిన మొదటి ప్రశ్న కూడా "స్టార్ట్ చేశారా?" అనే. నీళ్లున్న ఇంజిన్‌ను తిప్పి పాడుచేసుకుంటే, ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేనివారికి ఆ నష్టానికి డబ్బు సాధారణంగా రాదు. నా పాలసీలో అది లేదు. ఆ మెకానిక్ కేక నాకు కొన్ని వేలు మిగిల్చింది.

వైరింగ్, బ్యాటరీ, మీటరు, సెల్ఫ్ మోటారు, బేరింగులు అన్నీ మార్చారు. బిల్లు 16,240. కంపెనీ ఇచ్చింది 14,830. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి మామూలుగా సగం ధర తరుగు కింద కోస్తారు. జీరో డిప్రిసియేషన్ ఉంది కాబట్టి ఆ కోత లేదు. ఇంతకాలం "జీరో డెప్ ఉంటే చాలు, పైసా పడదు" అని స్నేహితులందరికీ చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. ఆయిలు, గ్రీజు, శుభ్రం చేసే మందులు 1,310 రూపాయలు నా జేబులోంచే పోయాయి. వాటికి వేరే కవర్ ఉంటుంది. ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన తప్పనిసరి కోత 100 అదనం. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, అప్పటికి 25 శాతానికి చేరింది, అదీ పోయింది. 2025లో ప్రీమియం 1,420 అయింది, బండి విలువ తగ్గినా.

పక్కింటి బాబాయి గారిదీ నా బండి మోడలే, కొన్నదీ అదే నెలలో. తడిసిన పాలసీ కాగితాన్ని మంచం మీద ఆరబెట్టి నాకు చూపించారు. "చూడు బాబూ, 2027 అని రాసి ఉందిగా." వేలు పెట్టి పైనున్న ఓన్ డ్యామేజ్ వరస చూపించాను. అక్కడ 2023 అని ఉంది. ఆయన చాలాసేపు ఆ కాగితం వంకే చూశారు. ప్రభుత్వం ద్విచక్రవాహనాలకు ప్రకటించిన 3,000 తప్ప ఆయనకు దారి లేదు. నాకు ఇప్పటికీ ఆయన ముందు బండి స్టార్ట్ చేయాలంటే ఇబ్బందిగానే ఉంటుంది.

బుడమేరు పక్కన కింది వాటాలో ఉన్నంతకాలం ఓన్ డ్యామేజ్, జీరో డిప్రిసియేషన్ నేను మానను. ఈసారి ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా కలుపుతున్నాను. నాన్నగారి 2011 నాటి బండికి మాత్రం థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నాను, 714 రూపాయలు, జీఎస్టీతో 843. ఊళ్లో మిట్ట మీద ఇల్లు, పొలం దాకా వెళ్లి వచ్చే బండి. దానికి ఇంతకన్నా పెట్టడం నాకు దండగే అనిపించింది.